డ్రైవరు పక్క సీటు

ఆయన మూడింటికి వస్తాడు. నేను రెండు దాటగానే వచ్చి కూచున్నాను. ఎందుకంత ముందొచ్చానో నాకే తెలీదు, డిపో మేనేజరుకి వేరే పనేం లేదా అని ఎవరైనా అడిగితే చెప్పడానికి మాట కూడా లేదు, కింద నా గది వదిలేసి మేడమీద ఈ గది తలుపు దగ్గరగా వేసుకుని, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని చూస్తూ, ఆయన వచ్చాక మొదటి మాట ఏమనాలా అని నోట్లోనే తిప్పుకుంటున్నాను. రండి, కూచోండి, ఎలా ఉన్నారు. ఛ, అది రోజూ అనేదే. మీతో ఒక ముఖ్యమైన విషయం మాట్లాడాలి. అలా అంటే మనిషికి అక్కడే సగం ప్రాణం పోతుంది. మీ కళ్లు ఎలా ఉన్నాయి? అమ్మో. అడగాల్సింది అదే. బాగాలేవంటే ఆయన చేతిలోంచి స్టీరింగు పోతుంది, దాన్ని లాక్కునేది నేనే. నా అనుమానం తప్పయితే, ఈ డిపోలో నన్ను మనిషిగా చూసిన మొదటి డ్రైవరుని పిలిచి మరీ అవమానించినవాణ్ణవుతాను. పోనీ అడక్కుండా ఊరుకుంటే, నాలుగింటికి ఆయన సాయంత్రం బండి తీస్తాడు. అందులో జనం నిండా ఉంటారు. ఆ జనంలో మా ఆవిడ కూడా ఉంటుంది.

మా ఆవిడే మొదలుపెట్టింది ఇదంతా, పాపం తనకి తెలీదు. మందుల షాపులో పని చేసి రోజూ ఆయన బండిలోనే ఇంటికొస్తుంది, ఎక్కగానే ఆయన "ఏమ్మా, సార్ బాగున్నారా, మళ్లీ అన్నం మానేసి ఫైళ్లు తింటున్నారా" అని ఏదో ఒకటి అంటాడు, ఈవిడ వచ్చి నాకు చెబుతుంది, ఇద్దరం నవ్వుకుంటాం. ఇవాళ పొద్దున టీ కప్పు ముందు పెడుతూ, "ఏవండీ, మీ నిదానం మామకి నా మీద ఏమైనా కోపమా?" అంది. ఎందుకలా అన్నావని అడిగాను. "నిన్న ఎక్కుతూ నవ్వాను. నా మొహంలోకే చూశాడు, గోడని చూసినట్టు. నేనే నోరు తెరిచి బాగున్నారా అంటే అప్పుడు, ఓ, మీరామ్మా అన్నాడు." ఎండ కంట్లో పడి ఉంటుందిలే అన్నాను. "ఏం ఎండండీ, నిన్నంతా మబ్బేగా" అని తను పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్లిపోయింది. తనకి ఆ సంగతి అక్కడితో అయిపోయింది. నాకు టీ చల్లారిపోయింది.

డిపోకొస్తే మెకానిక్కు గేటు దగ్గరే పట్టుకున్నాడు. "సార్, లోకం తలకిందులైంది, మామ బండికి గీత పడింది" అని పళ్లికిలించాడు. వీడికి ఎవరి బండికి గీత పడినా పండగే, కానీ మామ బండికి పడటం మాత్రం వీడి సర్వీసులో మొదటిసారి. పక్క అద్దం వెనక్కి తిరిగిపోయింది, దాని కింద జానెడు గీత. ఎక్కడ తగిలిందని అడిగితే వంతెన మలుపు దగ్గర గొట్టాల కోసం తవ్వారు కదా, అక్కడ అడ్డం పెట్టిన డబ్బాలకి రాసుకుందట. ఆ డబ్బాలు ఎప్పుడు పెట్టారన్నాను. "మొన్న మొన్ననే సార్. ఇంతింత ఎర్ర డబ్బాలు, గుడ్డివాడికి కూడా కనిపిస్తాయి." వాడు మామూలుగానే అన్నాడు, అనేసి, పొద్దుటి ట్రిప్పు పోయినా సాయంత్రానికి సిద్ధం చేస్తానంటూ పానా తీసుకుని బండి కిందకి దూరాడు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను.

నిదానం మామ అన్న పేరు ఎవరు పెట్టారో తెలీదు, నేను వచ్చేసరికే ఉంది. బండిని అంత నెమ్మదిగా, అంత మెత్తగా తీసుకెళతాడు. ముసలివాళ్లు ఆయన బండి కోసం ముందు బండి వదిలేసి నిలబడతారు. కుర్రాళ్లు మాత్రం గొణుక్కుంటారు, నడిచెళ్లినా ఈపాటికి చేరేవాళ్లమని. మరి ఆ నిదానం కళ్ల వల్ల వచ్చిందా? కాదు కదా, నాకు ముందున్న మేనేజరు కూడా చెప్పాడు, వయసులో ఉన్నప్పుడు కూడా ఆయన అంతేనని. అయితే మొదట స్వభావం వల్ల నిదానం, తర్వాత కళ్ల వల్ల నిదానం, ఆ మొదటిది ఎక్కడ ఆగి ఈ రెండోది ఎక్కడ మొదలైందో ఎవరు చెబుతారు? రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. నాకేమీ అర్థం కావడం లేదు. ఒక మనిషి పక్కన అన్నిసార్లు కూచున్నాను, అంతసేపు మాట్లాడుకున్నాం, ఇవాళ కూచుని ఆలోచిస్తే ఆయన గురించి నాకేం తెలుసో ఒక్కటీ చేతికి దొరకడం లేదు.

మాట్లాడుకున్నాం అంటే, అదొక డ్యూటీ. పైవాళ్లు పెట్టారు, ప్రతి మేనేజరూ తన కింద పనిచేసే ప్రతి మనిషితో ఏకాంతంగా కూచుని మాట్లాడాలని. కాగితాల మీద దానికి ముఖాముఖి అని పెద్ద పేరు, డ్రైవర్ల నోట్లో కబుర్ల డ్యూటీ. దాని కోసం మాకు శిక్షణ కూడా ఇచ్చారు, ఒకావిడ వచ్చింది, మెడలో నీలం కండువా, చేతిలో మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడేది. మీరు తక్కువ మాట్లాడండి, వాళ్లని ఎక్కువ మాట్లాడనివ్వండి అని గంటసేపు తనొక్కతే మాట్లాడింది. అవునా కాదా అని జవాబొచ్చే ప్రశ్నలు అడక్కండి, ఎలా, ఎందుకు అని అడగండి. మౌనానికి భయపడకండి. ఎదురెదురుగా కాదు, కాస్త పక్కగా కూచోండి. బుద్ధిగా అన్నీ విన్నాను, డిపోకొచ్చి మొదటి డ్రైవరుని పిలిచి మీ పని ఎలా సాగుతోంది అని అడిగాను. సాగుతోంది సార్ అన్నాడు. మౌనానికి భయపడకూడదు కదా, ఊరుకున్నాను. ఆయనా ఊరుకున్నాడు. కాసేపటికి ఆయన లేచి, నా మీద ఎవరైనా చాడీలు చెప్పారా సార్ అని అడిగి, నేను లేదు లేదంటుండగానే వెళ్లి యూనియన్ ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. నాకు బస్సు నడపడం రాదని, ఆఫీసు గుమాస్తాగా ఉండి పైకొచ్చానని అందరికీ తెలుసు. స్టీరింగు పట్టని వాడితో మాకు మాటలేమిటని ఒక్కొక్కరు ఒక్కో సాకు చెప్పి తప్పించుకున్నారు. నా పరువు గంగలో కలిసింది.

అప్పుడు ఈయనొచ్చాడు. నా గది గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా, "సార్, గదిలో కూచుంటే నాకు మాట రాదు. పొద్దున డిపోలోంచి మొదటి స్టాపు దాకా బండి ఖాళీగానే వెళుతుంది కదా. నా పక్క సీటులో కూచోండి, కబుర్లు చెప్పుకుందాం" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎక్కాను. ఇంజను వేడి కాళ్లకి తగులుతోంది, ముందు అద్దం అంత పెద్దదని బయటి నుంచి తెలియదు, ఊరంతా దాంట్లో పడి మన మీదకి వచ్చేస్తుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు, ఇద్దరం రోడ్డునే చూస్తున్నాం, ఆ శిక్షణావిడ చెప్పిన పక్కగా కూచోవడం ఇదే కదా అని మురిసిపోయాను. అప్పటి నుంచీ నేనూ ఆయన్ని మామా అనే పిలుస్తున్నాను, మేనేజరు అలా పిలవకూడదని తెలిసి కూడా. ఆ తర్వాత మిగతా డ్రైవర్లు కూడా మా బండ్లోనూ రండి సార్ అన్నారు. నెలకొకసారి చాలన్నది పైవాళ్ల మాట. మామ మాత్రం వారం వారం పిలిచేవాడు, ఈమధ్య అయితే రోజు విడిచి రోజు. "రేపు కూడా వస్తారు కదా సార్? మీరు పక్కనుంటే నాకు ధైర్యంగా ఉంటుంది." ఈ మాట నేను పెద్ద మీటింగులో చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఉద్యోగి తనంతట తానే ముఖాముఖి కావాలని అడిగే డిపో ఇదొక్కటేనట, మిగతా మేనేజర్లకి నన్ను చూపించి నేర్చుకోమన్నారు. నేను ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా డప్పు కొట్టుకున్నాను.

కానీ ఎవరు మాట్లాడారు ఆ బండిలో? ఇది ఇవాళ పొద్దుట గేటు దగ్గర నిలబడ్డప్పుడే తట్టింది. ఆయన మాట్లాడలేదు. ఆయన అడిగాడు. నేను మాట్లాడాను. "అదేంటి సార్, ఆ మూల మీద కొత్త బోర్డు పెట్టినట్టున్నారు, ఏం రాశారు?" అవును మామా, చెప్పుల కొట్టు, అంతా సగం ధరేనట. "రోడ్డు తవ్వుతున్నారా ఏంటి, ఎంతవరకు తవ్వారు?" ఆ స్తంభం దాకా మామా, ఎడమవైపంతా మట్టి పోశారు. "ఆ అడ్డం నిలబెట్టిన బండి ఎవడిది సార్, లారీయేనా?" కాదు, నీళ్ల ట్యాంకరు. "కొత్త లైటు పెట్టారట కదా చౌరస్తాలో, ఎక్కడ పెట్టారో చూశారా?" చూశాను మామా, ఇదిగో ఈ చెట్టు దాటగానే కుడిపక్క. నేను రేడియోలా వాగుతూనే ఉన్నాను. మనిషికి లోకం మీద ఎంత ఆసక్తి, ఈ వయసులో ప్రతి చిన్నదీ అడిగి తెలుసుకుంటాడు అనుకున్నాను. మేనేజరు తక్కువ మాట్లాడాలన్న సంగతే మర్చిపోయాను. ఆయన తలూపేవాడు, ఊఁ, ఊఁ అంటూ, ఒక్కో మాటా ఎక్కడో సర్ది పెట్టుకుంటున్నట్టు. ఇప్పుడు అర్థమవుతోంది, సర్ది పెట్టుకుంటూనే ఉన్నాడు. పాత దారి ఆయనకి కంఠతా వచ్చు, కళ్లు మూసుకుని తీసుకెళ్లగలడు. కొత్తగా వచ్చి పడినవే కావాలి, అవి నేను ఇచ్చాను. పొద్దున నేను చెప్పినవాటితో సాయంత్రం దాకా నడిపేవాడు. అంతేనా? అంతేనేమో. కాదేమో. ఊరికే కబుర్లకి అడిగే మనుషులు ఉండరా?

ఉండరా మరి. ఆ కుక్క సంగతేంటి? ఒకరోజు పిండిమిల్లు దాటాక ఆయన ఉన్నట్టుండి బ్రేకు మీద కాలేశాడు, నాకేమీ కనిపించలేదు, ఎందుకు మామా అనేలోపు సందులోంచి ఒక గోధుమరంగు కుక్క వచ్చి తాపీగా రోడ్డు దాటి వెళ్లింది. నాకంటే ముందు చూశాడు! అలాంటి కళ్లని పట్టుకుని నేను ఏమనుకుంటున్నాను? బండికి గీతంటారా, ఎవరి బండికి పడదు? మా ఆవిడని గుర్తుపట్టలేదంటారా, నేను మాత్రం నిన్న కూరగాయల దగ్గర మా బడి మాస్టారిని గుర్తుపట్టానా? ఇదిగో ఇలా సర్దుకుని, కాస్త ఊపిరి పీల్చుకుని, పిచ్చి అనుమానం అని నన్ను నేనే తిట్టుకుని, వెళ్లిపోదాం అని కుర్చీలోంచి సగం లేస్తాను. లేచాక కండక్టరమ్మ గుర్తొస్తుంది. మళ్లీ కూలబడతాను.

కండక్టరమ్మ ఆ బండిలో ఏళ్ల తరబడి పనిచేసింది. ఆవిడ నోరు ఊరంతటికీ తెలుసు. "మామా, ముందు ఎర్ర లైటు! మామా, సైకిలు, సైకిలు, ఎడమకి! ఆ తల్లి పిల్లాణ్ణెత్తుకుని పరిగెత్తుకొస్తోంది, ఆగు!" అంటూ దారిపొడుగునా ఒకటే గోల, జనం నవ్వుకునేవాళ్లు, బండి మామది, నడిపేది కండక్టరమ్మ అని. టిక్కెట్లకి మిషన్లు పెట్టాక ఆవిడని వేరే డిపోకి పంపేశారు. పంపిన ఉత్తర్వు మీద సంతకం నాదే. ఆవిడ వెళుతూ వెళుతూ నా గదికొచ్చింది. "సార్, మామ ఒక్కడైపోతాడు, కాస్త కనిపెట్టుకుని ఉండండి" అంది. కళ్లనిండా నీళ్లు. ఒకే బండిలో అన్నాళ్లు పనిచేశారు కదా, అభిమానం అనుకున్నాను, అలాగేనమ్మా, నీ మామ మాకూ మామే అని జోకు వేశాను. ఆవిడ నవ్వలేదు. ఇంకేదో చెప్పబోయి నీళ్లు నమిలి వెళ్లిపోయింది. సరిగ్గా ఆవిడ వెళ్లాకే కదా ఆయన నన్ను రోజు విడిచి రోజు పిలవడం మొదలుపెట్టింది. నేనంటే అంత ఇష్టం పుట్టుకొచ్చిందనుకున్నాను. ఆవిడ ఖాళీ చేసిన చోట కూచున్నానని ఒక్కసారైనా తట్టలేదు.

నాన్న విషయంలోనూ ఇంతే అయింది. కోపిష్టి మనిషి, ఇంట్లో అందరం హడలిపోయేవాళ్లం, ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. ఏం చెప్పినా చిరునవ్వు, ఏమడిగినా సరేనని తలూపడం. అమ్మ పొంగిపోయింది, "మీ నాన్న ఎంత మారిపోయాడర్రా, ఇన్నాళ్లకి నా మాట వింటున్నాడు" అని అత్తయ్యలందరికీ చెప్పుకుంది. నేనైతే ఆయన పక్కన చేరి నా గోడంతా వెళ్లబోసుకునేవాణ్ణి, ఆయన చిన్నగా నవ్వుతూ నా వీపు నిమిరేవాడు. తర్వాత తెలిసింది, రెండు చెవులూ పోయాయని. ఒక్క మాటా వినపడలేదు. వినపడలేదని చెప్పడానికి సిగ్గు. అమ్మ అప్పుడు ఏడ్చిన ఏడుపు చెవులు పోయినందుకు కాదనుకుంటాను. కానీ వీపు నిమిరాడు కదా. అది నిజమే కదా. వినపడకపోయినా చెయ్యి నా వీపు మీదే ఉంది కదా. ఇదంతా ఇప్పుడెందుకు వస్తోంది, ఇక్కడ మూడు కావొస్తోంటే.

నన్ను తినేస్తున్నది ఇదే, సిగ్గు విడిచి ఒప్పుకోవాలి. బండినిండా జనం, మా ఆవిడ, వంతెన మలుపు, అన్నీ పెట్టుకుని నేను లోలోపల అడుగుతున్నది మాత్రం, ఆయనకి నేనంటే ఇష్టమా, నా కళ్లంటే అవసరమా అని. మేనేజరు అడగాల్సిన ప్రశ్నేనా ఇది? నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

మా పక్క సీటు ముఖాముఖీలు కూడా పోయిన వారమే ఆగిపోయాయి. కదిలే బండిలో డ్రైవరుతో మాట్లాడటం ప్రమాదమట, ఇకమీదట గదిలో, తలుపు వేసి, ఎదురెదురుగా కూచునే మాట్లాడాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నేను మామకి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు స్టీరింగు తుడిచాడు. "అయితే ఇంక మీరు ఎక్కరా సార్?" ఎక్కను మామా, రూలు. "పోనీ ఊరికే, కబుర్లకి కాకుండా, ఊరికే ఎక్కండి." రూలు రూలే కదా మామా అన్నాను. నేను ఎక్కడం మానేశాను. వంతెన దగ్గర ఎర్ర డబ్బాలు పెట్టారు. అవి అక్కడున్నాయని ఆయనకి చెప్పేవాళ్లు లేరు. చూస్తే ఇంత తేలిగ్గా జతపడుతున్నాయి, జతపడుతున్నాయి కాబట్టే నమ్మబుద్ధి కావడం లేదు.

అడగడం ఎందుకు, పరీక్ష పెడితే పోలా అంటారు. ఏం పరీక్ష? డాక్టరుగారు ఏటా వచ్చి కళ్ల పరీక్ష చేసేది ఈ గదిలోనే. ఎదురు గోడ మీద అక్షరాల అట్ట అలాగే వేలాడుతోంది, పైన పెద్దవి, కిందకి పోయేకొద్దీ చీమలంత. నేను వచ్చినప్పటి నుంచీ అదే అట్ట, అదే గోడ, అదే మేకు. డిపోలో అందరికీ కంఠతా వచ్చు. టీ తాగేటప్పుడు ఒకడు పై వరస అంటే ఇంకొకడు కింద వరస అందుకుంటాడు, మెకానిక్కు అయితే దానికి బాణీ కూడా కట్టాడు. నేనూ పాడాను ఒకసారి, ఏడాది చివర విందులో. ఇప్పుడు కళ్లు మూసుకున్నాను, పై నుంచి కింద దాకా గడగడా అప్పజెప్పాను, ఒక్కటీ తప్పలేదు. డాక్టరుగారు మామని కూడా ఇలాగే పాస్ చేసి చెయ్యి కలిపి వెళ్లాడు. కళ్లు తెరిచాను. ఎదురు కుర్చీ ఖాళీగానే ఉంది.

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. గేటు పక్క స్టూలు మీద ఈల పట్టుకుని కూచున్నాయన ఒకప్పుడు మంచి డ్రైవరు, నడుం దెబ్బతిని బండి దిగాడు. దిగిన రోజు దండ వేశారు. ఆ తర్వాత ఆయన ముందు నుంచి రోజూ బళ్లు పోతాయి, స్టీరింగు మీద ఉన్నవాళ్లు హారనైతే కొడతారు, తలమాత్రం తిప్పరు, తిప్పితే తమకి కూడా అదే అంటుకుంటుందని భయమో ఏమో. మామ ఒక్కడే బండి ఆపి, కిందకి వంగి, ఏరా బావా, తిన్నావా అని అడిగి వెళతాడు. పొరపాటున కూడా ఎప్పుడూ మానలేదు. ఆ స్టూలు పక్కన ఇంకో స్టూలు వేయించే పని నాది. అదీ ఇవాళ. నా వల్ల కాదు. కానీ నాలుగింటికి బండి తీస్తాడు.

మెట్ల మీద చప్పుడు. ఆయనే. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, ఆగి, తర్వాతి మెట్టు. ఈ మేడ మీదకి ఆయన ఏడాదికొకసారే వస్తాడు, ఆ అట్ట చదవడానికి. గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు, చెయ్యి తలుపు రెక్క మీద, మొహం నేనున్న వైపుకే కానీ కాస్త పక్కకి. నేను మాట్లాడలేదు. మౌనానికి భయపడలేదని కాదు, నోరు పెగల్లేదు.

"సార్, ఉన్నారా?" అన్నాడు.

నేను ఆయనకి ఎదురుగా, కిటికీ వెలుతురులో కూచుని ఉన్నాను. ఉన్నాను మామా, రండి అన్నాను. నా గొంతే ఆనవాలుగా వచ్చాడు. ఎదురు కుర్చీ వీపు తడిమి, దాన్ని ఎత్తి, బల్ల చుట్టూ తిప్పి తెచ్చి నా పక్కన వేసుకున్నాడు, ఇద్దరం కిటికీ వైపు తిరిగేలా. "ఎదురుగా కూచుంటే నాకు మాట రాదు సార్, మీకు తెలుసుగా" అని నవ్వి కూచున్నాడు. చొక్కా ఇస్త్రీ మడత చెదరలేదు, డ్యూటీకి తయారై వచ్చాడు. ఇంజను నూనె వాసన, సబ్బు వాసన. "ఏంటి సార్ విశేషాలు, బయట ఏం జరుగుతోంది?" అని అడిగాడు, ఎప్పుడూ అడిగినట్టే. చెప్పడానికి నా నోరు దానంతటదే తెరుచుకుంది కూడా. మూసుకున్నాను. కింద షెడ్డులోంచి ఒక బస్సు బయటికొచ్చి గేటు దగ్గర ఆగింది, నుదుటి మీద నంబరు అంత పెద్దది, ఇక్కడ నుంచి చిన్నపిల్లలు కూడా చదువుతారు. అలాంటి ప్రశ్న అడగొద్దని శిక్షణావిడ మరీ మరీ చెప్పింది, ఒక్క మాటలో జవాబొచ్చేది.

"మామా, ఆ గేటు దగ్గరున్న బస్సు నంబరెంత?"

ఆయన కిటికీ వైపే చూస్తున్నాడు. మోకాళ్ల మీద పెట్టుకున్న చేతులు కదల్లేదు. కింద ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, నీళ్ల పంపు విప్పినట్టున్నారు. తెలిసిన నంబర్లలో ఏదో ఒకటి అనేస్తాడని భయపడ్డాను, అనేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది సార్?" అన్నాడు.

అంతే. కోపం లేదు, దొరికిపోయిన భయం కూడా లేదు, అలిసిపోయిన గొంతు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నిజమని తేలిందన్న ఊరట కాదు, ఏమిటో నాకు తెలియదు. మరి ఆ కుక్క, ఆ కుక్కని నాకంటే ముందు చూశావు కదా మామా అన్నాను, ఇంకా ఏదో ఒక కొస పట్టుకుని వేలాడుతూ, నువ్వు అని ఏకవచనంలోకి జారిపోయి. "పిండిమిల్లు కుక్కా? చూడలేదు సార్. అది రోజూ ఆ వేళకి దాటుతుంది, మిల్లు వాళ్లు అన్నం పెట్టే టైము. అది దాటేదాకా నేను ఆగుతాను." కళ్లు నులుముకుని, "మధ్యలో అంతా మసక సార్, చుట్టూ పక్కల కాస్త తెలుస్తుంది. నిన్న రాత్రి ఖాళీ బండి డిపోకి తెస్తుంటే వంతెన దగ్గర చప్పుడైంది చూడండి, మనిషే అనుకున్నాను. దిగి తడిమి చూశాను. డబ్బా. రాత్రంతా నిద్ర లేదు. ఇవాళ మీరు పిలవకపోయినా నేనే వద్దామనుకున్నాను. వచ్చేవాణ్ణో లేదో, నాకే తెలీదు" అన్నాడు.

ఈ సాయంత్రం బండి మీరు తియ్యొద్దు మామా అన్నాను. అనగలిగాను. ఆయన తలూపాడు. ఫోను తీసి కిందకి చెప్పాను, స్పేరు డ్రైవరుని మామ బండికి పంపండి, ఎందుకని అడక్కండి అని. ఫోను పెట్టాక, అడగకూడదని వంద సార్లు అనుకున్న ప్రశ్న బయటికి వచ్చేసింది. "నా కళ్ల కోసమేనా మామా నన్ను ఎక్కించుకుంది?"

"మొదట్లో కాదు సార్. మిమ్మల్ని అందరూ ఆడిస్తున్నారని జాలేసి పిలిచాను, అప్పటికి అమ్మాయి ఉందిగా బండిలో, నాకు ఎవరి అవసరమూ లేదు. తర్వాత మీతోనే నడిచింది." కండక్టరమ్మని ఆయన అమ్మాయి అంటాడు. ఆ జవాబులో నాకు దొరికింది ఎక్కువో తక్కువో ఇప్పటికీ తెలియదు.

కింద షెడ్డులోంచి ఆయన బండి బయటికొచ్చింది. ఇంజను చప్పుడుకే ఆయన మెడ నిటారైంది, నేను చెప్పనక్కర్లేకపోయింది. కాసేపటికి మెల్లగా, "ఎలా తీస్తున్నాడు సార్ వాడు?" అన్నాడు.

బాగానే తీస్తున్నాడు మామా, పక్క అద్దం సరిచేశారు, గీత మాత్రం అలాగే ఉంది. గేటు దాకా వచ్చాడు. మీ బావ స్టూలు మీద నుంచి లేచాడు, బండినే చూస్తున్నాడు, లోపల మీరున్నారనుకుని చెయ్యెత్తాడు. ఇప్పుడు దించేశాడు. రోడ్డు మీద ఎడమవైపు ఖాళీ, కుడివైపు పాలవ్యాను, దాని వెనక గొడుగుతో ఒకామె. పాలవ్యాను వెళ్లిపోయింది. మీవాడు ముందుకు పోనిస్తున్నాడు, అయ్యో, ఎవడో సైకిలు మీద అడ్డంగా దూరాడు మామా అన్నాను, ఎప్పుడూ చెప్పినట్టే, మా ఇద్దరి మధ్యా ఇంజను ఉన్నట్టే గొంతు కాస్త పెంచి.

నా పక్కన ఆయన కుడికాలు నేలని గట్టిగా తొక్కి, సైకిలు దాటిపోయిందని నేను చెప్పేదాకా అలాగే ఉంది.